రుద్రవనంలో వాడ ఎక్కడ? ‘విరూపాక్ష’ సినిమాపై ఒక ప్రసంగం

(సినిమా ప్రదర్శన తర్వాత పరిశోధక విద్యార్థుల చర్చలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే ‘విరూపాక్ష’ చూశాం. వెనక వరుసలో కూర్చున్న తమ్ముళ్లు రెండు మూడుసార్లు ఉలిక్కిపడి, వెంటనే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. కాబట్టి ఒక మాట ముందే ఒప్పుకుందాం. ఈ సినిమాకు భయపెట్టడం వచ్చు. అజనీష్ లోక్‌నాథ్ సంగీతం, శామ్‌దత్ కెమెరా, ఆ అడవి, ఆ చీకటి, అన్నీ పని చేస్తాయి. 2023 ఏప్రిల్‌లో విడుదలైనప్పుడు జనం ఊరికే ఎగబడి చూడలేదు. కార్తీక్ దండు దర్శకుడు, స్క్రీన్‌ప్లే సుకుమార్‌ది. చేతగాని వాళ్లు తీసిన సినిమా అయితే నేను దీని మీద ఇంతసేపు మాట్లాడను. చేతనైన వాళ్లు తీసి, చేతికి దొరికిన దాన్ని వదిలేశారు. నా నిరాశ అదీ.

ఇంకో మాట. హేతువాద మిత్రులు ఇక్కడ ఉన్నారు. దయ్యాలు లేవు, చేతబడి లేదు, కాబట్టి ఇలాంటి సినిమాలే రాకూడదు అని వాళ్లు అంటారు. వాళ్లతో నాకు సగమే ఏకీభావం. నాకు హారర్ ఇష్టం. దయ్యం లేదని తెలిసే దయ్యం సినిమాకి వెళ్తాను. తెలుగు పాఠకులు ‘తులసిదళం’ కాలం నుంచి కాష్మోరా పేరు వింటూనే ఉన్నారు, అందరూ మంత్రగాళ్ల దగ్గరికేమీ పరిగెత్తలేదు. సినిమాలో మంత్రం ఉండటం నా ఫిర్యాదు కాదు. ఈ సినిమా తొలి నిమిషాల్లోనే నిజమైన భయాన్ని పట్టుకుని, తర్వాత రెండు గంటల పాటు దాని నుంచి పారిపోయింది. దాని గురించే నా మాట.

ఆ మొదలు గుర్తు చేసుకోండి. 1979. రుద్రవనం అనే ఊరు. పిల్లలు వరసగా చనిపోతుంటారు. బయటి నుంచి వచ్చి ఉంటున్న ఒక జంట మీద ఊరికి అనుమానం. క్షుద్రపూజలు చేస్తున్నారని ఊరంతా కలిసి ఇద్దర్నీ సజీవంగా తగలబెడుతుంది. మంటల్లోంచి ఆమె శపిస్తుంది, పుష్కరకాలం గడిచాక ఈ ఊరు మిగలదని. తర్వాత 1991కి వస్తాం. హీరో తల్లితో కలిసి జాతరకు వస్తాడు, సర్పంచ్ కూతుర్ని ప్రేమిస్తాడు, చావులు మొదలవుతాయి.

ఇప్పుడు చెప్పండి, ఇందులో భయంకరమైనది ఏది? శాపమా? మన కళ్ల ముందు ఒక ఊరు ఇద్దరు మనుషుల్ని కాల్చింది. కిరోసిన్ ఎవరింట్లోంచో వచ్చి ఉంటుంది. కట్టెసిన తాడు ఎవరి ఎడ్లబండిదో అయ్యుంటుంది. నిన్న ఆ జంటకు మజ్జిగ పోసిన చెయ్యి కూడా ఆ గుంపులో ఉండి ఉంటుంది. ఆ చేతులు పన్నెండేళ్ల తర్వాత అదే ఊళ్లో అన్నం కలుపుకుంటున్నాయి, పిల్లల్ని ఎత్తుకుంటున్నాయి, జాతరకు చందాలు రాస్తున్నాయి. ఇంతకంటే పెద్ద హారర్ కథ తెలుగు సినిమాకు ఈ మధ్య దొరకలేదు. దొరికింది, కానీ సినిమా దాన్ని పోస్టర్‌లా గోడకు అంటించి ముందుకెళ్లిపోయింది.

ఈ కథ ఎక్కడిదో మనలో చాలామందికి తెలుసు. తెలంగాణలో బాణామతి అంటారు, కొన్నిచోట్ల చేతబడి, విశాఖ మన్యంలో చిల్లంగి. మాట మారుతుంది, జరిగేది మారదు. ఒక ఇంట్లో జ్వరం తగ్గదు. బర్రె పాలివ్వడం మానేస్తుంది. కడుపులో బిడ్డ పోతుంది. ఆస్పత్రి దూరం, డాక్టర్ ఉంటాడో ఉండడో తెలియదు, రోగానికి పేరు తెలియదు. పేరు తెలియని రోగానికి మనిషి పేరు పెడతారు. ఆ పేరు ఎవరిదవుతుంది? ఒంటరి ముసలామెది, భర్త పోయిన ఆడమనిషిది, పసరు మందు తెలిసిన వాడిది, అమ్మవారి కొలుపు చేసే వాడిది. చాలాసార్లు ఆ పేరు వెనక రెండు గుంటల భూమి తగాదానో, ఇవ్వాల్సిన బాకీనో ఉంటుంది. తర్వాత చెట్టుకు కట్టేస్తారు, కొడతారు, పళ్లు ఊడగొడతారు, కొన్నిసార్లు కాలుస్తారు. మెదక్ ప్రాంతం పేరు ఈ వార్తల్లో ఎన్నిసార్లు వచ్చిందో పాత దినపత్రికలు తిరగేసిన వాళ్లకు తెలుసు. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగి నిప్పుల మీద నడిచి, కొబ్బరికాయల్లోంచి రక్తం తెప్పించి, ఇందులో మహిమ లేదని చూపించాల్సి వచ్చింది.

పళ్లు ఎందుకని అడుగుతారేమో. మంత్రం పలకాలంటే పళ్లుండాలి. పళ్లు లేకపోతే అక్షరం తప్పుతుంది, అక్షరం తప్పితే మంత్రం పారదు. అదీ నమ్మకం. శబ్దం మీద, ఉచ్చారణ మీద ఇంత శ్రద్ధ ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ శాస్త్రం నుంచి కిందికి జారి ఒక మాదిగ ముసలాయన నోటి దాకా వచ్చిందో, సంస్కృతం విభాగంలో పరిశోధన చేస్తున్న మిత్రులు ఎవరైనా చూస్తే బాగుంటుంది. అదొక థీసిస్ అవుతుంది.

మా నాయనమ్మకు ఒక అన్న ఉండేవాడు. పెద్దతాత అనేవాళ్లం. ముందు పళ్లు నాలుగూ లేవు ఆయనకు. చెరకు గడ ఇస్తే మెడ పక్కకు వంచి వెనక దవడతో కొరికేవాడు, మేం నవ్వేవాళ్లం, ఆయనా నవ్వేవాడు. చిన్నప్పుడు బాయి గట్టు మీద పడ్డా బిడ్డా అనేవాడు. ఆయన పోయాక, నేను ఎం.ఏ.లో చేరాక, ఒకరోజు నాయనమ్మ అసలు సంగతి చెప్పింది. పటేల్ ఇంట్లో ఒకే నెలలో రెండు బర్లు చచ్చిపోయాయి. పెద్దతాతకు పసరు మందు తెలుసు, ఆయన ఆ కొట్టం పక్కనుంచి పోయాడని ఎవరో చూశారు. అంతే. పంచాయితీ పటేల్ ఇంటి ముందే జరిగింది. కానీ పట్కారు తెచ్చినవాడు మా వాడ మనిషే. ఈ మాట చెప్పేటప్పుడు నాయనమ్మ గొంతు తగ్గింది, ఆ మనిషి కొడుకులు ఇప్పటికీ మా ఇంటికి మూడిళ్ల అవతలే ఉంటారు కాబట్టి. కేసెందుకు పెట్టలేదు అని అడిగాను, చదువుకున్న పిల్లవాడు అడిగే ప్రశ్న. “మళ్ల గా ఊర్లనే ఉండాలె గద బిడ్డా” అంది.

ఇది జాలి కోసం చెప్పడం లేదు. ఆ పట్కారు గురించి చెప్పాలి కాబట్టి చెప్పాను. బాణామతి హింసలో ఎప్పుడూ పై కులం వాళ్లే కొడతారు, కింది కులం వాళ్లే దెబ్బలు తింటారు అని గీత గీసేస్తే మనకు ఉపన్యాసం తేలికవుతుంది, నిజం దొరకదు. పటేల్ అనుమానం వాడలోకి వచ్చి వాడ చేతిలో పనిముట్టవుతుంది. మన్యంలో ఆదివాసీని ఆదివాసీయే చిల్లంగి అని చంపిన ఘటనలున్నాయి. అంతస్తుల కులవ్యవస్థలో ప్రతివాడికీ తన కిందొకడు కావాలి అని బాబాసాహెబ్ వివరించిన విషయం ఇలాంటి రాత్రుల్లో నెత్తురుతో కనిపిస్తుంది. ఇంత చిక్కని సరుకు హారర్ రచయితకు దొరికితే వదులుతాడా?

చట్టం సంగతి చూడండి. బిహార్ 1999లోనే మంత్రగత్తె అనే ముద్రకు వ్యతిరేకంగా చట్టం చేసింది. ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో చేశాయి. మహారాష్ట్రకు ఆ చట్టం రావడానికి నరేంద్ర దాభోల్కర్ ప్రాణం పోవాల్సి వచ్చింది, 2013 ఆగస్టులో. కర్ణాటక 2017లో చేసింది. మన దగ్గర ఇలాంటి చావులు మామూలు హత్య కేసులుగానే నడుస్తాయి. అయితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో ఒక ముఖ్యమైన అంశం చేరింది. మంత్రాలు చేస్తున్నారని, మంత్రగత్తె అని ఆరోపించి ఎస్సీ, ఎస్టీలకు శారీరక హాని గానీ మానసిక వేదన గానీ కలిగిస్తే అది అత్యాచారం కిందికి వస్తుంది. సామాజిక, ఆర్థిక బహిష్కరణ కూడా అదే సవరణలో నేరంగా వచ్చింది. చట్టం రాసినవాళ్లకు ఈ రెంటికీ ఉన్న చుట్టరికం తెలుసు. సినిమా రాసినవాళ్లకే తెలియలేదు.

సరే, సినిమాలోకి వద్దాం. స్క్రీన్‌ప్లే ఎక్కడ తప్పింది?

నా ఉద్దేశంలో అది డిటెక్టివ్ కథ కావడంతోనే తప్పింది. 1991లో చావులు మొదలవగానే మన ముందుకు వచ్చే ప్రశ్న ‘ఎవరు చేస్తున్నారు?’ హీరో ఆధారాలు వెతుకుతాడు, ఒకరి మీద అనుమానం, కాదని తేలడం, ఇంకొకరి మీద అనుమానం. చాలా నేర్పుగా నడిపారు, కాదనను. కానీ దర్యాప్తు జరుగుతున్నది ఏ నేరం మీద? 1991 చావుల మీద. 1979 హత్యల మీద ఒక్కరూ దర్యాప్తు చేయరు. హంతకులెవరో ఊరందరికీ తెలుసు కాబట్టి అది మిస్టరీ కాదు. మిస్టరీ కాదు కాబట్టి స్క్రీన్‌ప్లేకి పనికిరాదు. చుండూరు, కారంచేడు కేసుల్లో సాక్ష్యాలు ఏ గతి పట్టాయో చదివిన మనకు ఈ తర్కం కొత్త కాదు. ఊరందరికీ తెలిసిన నేరమే కోర్టులో రుజువు కాకుండా పోతుంది.

గుంపుకు మొహాలు లేకపోవడం ఇంకో లోపం. నిప్పు పెట్టిన వాళ్లలో ఒక్కరికైనా పేరు పెట్టి, ఒక ఇల్లు ఇచ్చి, పన్నెండేళ్ల తర్వాత రాత్రి ఆ మనిషికి నిద్ర ఎలా పడుతుందో చూపించి ఉంటే, ఆ పాత్ర చనిపోయినప్పుడు మన గుండె రెండు ముక్కలయ్యేది. వీడు చావాల్సినవాడే అనిపించేది, అయినా భయమేసేది. ఇప్పుడేమైంది? చచ్చేవాళ్లంతా పాపం అమాయకులు, మనం హీరో వైపు నుంచి వాళ్లను కాపాడాలని కోరుకుంటాం. చంపినవాళ్లు బాధితులయ్యారు, చచ్చినవాళ్లు కీడుకు మూలమయ్యారు. సినిమా ఏ ఉపన్యాసమూ ఇవ్వకుండానే ఈ తారుమారు జరిగిపోయింది. కథలో మంత్రం నిజమేనని తేలాక, 1979 రాత్రి ఊరికి వచ్చిన అనుమానం కూడా సమంజసమే అన్న భావన ప్రేక్షకుడి మనసులో మిగిలిపోతుంది. దర్శకుడు అలా అనుకుని తీశాడని నేననను. ఆలోచించకపోతే కథ ఎటు వాలు ఉంటే అటే ప్రవహిస్తుంది. మన సమాజంలో వాలు ఎటుందో మనకు తెలుసు.

ఇక నాయిక. చివర్లో ఆ చావుల వెనక ఉన్నది ఆమేనని తెలుస్తుంది. సంయుక్త ఆ కొద్దిసేపట్లో చూపించిన నటన బాగుంది. కానీ అంతసేపూ ఆమె హీరో ప్రేమించే అమ్మాయి మాత్రమే. ఆమె కోపం, ఆమె లోపల నడిచిన కథ ట్విస్ట్ కోసం దాచిపెట్టారు. దాచిపెట్టిన దాన్ని చివర్లో తీసేసరికి దాన్ని పెంచడానికి సమయం లేదు. ప్రతీకారం తీర్చుకునే ఆడమనిషి తలలో ఉంటూ ఆ ఊళ్లో నడిచే అవకాశం మనకు దొరకలేదు. ఎంతసేపూ ఆమెను బయటి నుంచి చూశాం, చివరికి భయపడ్డాం. అన్వితా దత్ 2020లో తీసిన ‘బుల్‌బుల్’కి లోపాలున్నా, చుడైల్ అని ఊరు పిలిచే మనిషి పక్కన కూర్చోవడానికి ఆ సినిమా జంకలేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ వెలితి అనిపించింది దిగ్బంధనం దగ్గర. పూజారి శాస్త్రం చూసి చెబుతాడు, ఊరికి అష్టదిగ్బంధనం వేయాలని. పొలిమేర దాటి ఎవరూ బయటికి పోకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. లాక్‌డౌన్ చూసి వచ్చిన మనకు ఒళ్లు జలదరించే ఆలోచన ఇది. వెంటనే నాకొచ్చిన అనుమానం: బంధనం ఎక్కడి వరకు? గీత వాడకు ఇవతల వేశారా, అవతల వేశారా? వాడ ఊరి లోపలా, బయటా?

నవ్వకండి, ఇది కథకు సంబంధించిన ప్రశ్నే. ఇంత పెద్ద ఊరు కట్టారు, గుడి కట్టారు, సర్పంచ్ ఇల్లు కట్టారు, సెట్ మీద ఎంతో ఖర్చు పెట్టారు. రుద్రవనంలో వాడ ఎటువైపు ఉందో సినిమా అంతా చూసినా మీరు చూపించలేరు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామం గురించి ఏమన్నారో మీకు తెలుసు. గ్రామాన్ని పొగిడే మేధావుల ముందు అది సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయమని మొహమాటం లేకుండా చెప్పారు. అదే ఏడు వచ్చిన ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో అంటరానివాళ్లు ఊరి బయట ఎందుకు ఉన్నారన్న ప్రశ్నకు ఒక సిద్ధాంతం చెప్పారు. ఓడిపోయి, తెగల నుంచి చెదిరిపోయిన మనుషులను ఊరి అంచున ఉంచి, బయటి దాడుల నుంచి ఊరికి కాపలా పెట్టారని. ఆ సిద్ధాంతం మీద చరిత్రకారుల మధ్య వాదాలున్నాయి, అది వేరే సంగతి. హారర్ కథకుడిగా ఆలోచించండి. పొలిమేర మీద నిలబడి ఊరికి కీడు రాకుండా కాపలా కాసేవాడే ఊరి దృష్టిలో అపవిత్రుడు. రక్షించేవాడూ వాడే, భయపడాల్సినవాడూ వాడే. తెలుగు గ్రామంలో దయ్యం కథ పుట్టాల్సిన చోటు అదే.

మన జాతరలు గుర్తు చేసుకోండి. పోలేరమ్మ పేరులోనే పొలిమేర ఉందంటారు. దున్నపోతు నెత్తురు కలిపిన అన్నంతో రాత్రిపూట ఊరి చుట్టూ పొలి చల్లుకుంటూ తిరిగింది ఎవరు? మాలలు, మాదిగలు. ఆ పని చేస్తూ దారిలో ప్రాణం పోతుందేమోనన్న భయం కూడా వాళ్లదే. కొలుపు చేసే బైండ్లవాళ్లు, ఆసాదులు, ఊరందర్నీ తిట్టే హక్కు ఆ ఒక్క రోజుకే ఉన్న మాతంగి, డప్పు, ఇవన్నీ మన దగ్గర ఉన్నాయి. నూరేళ్ల కిందటే వైట్‌హెడ్, ఎల్మోర్ లాంటి మిషనరీలు వీటి గురించి పుస్తకాలు రాసి పెట్టారు. ఊరికి నిజంగా దిగ్బంధనం వేసింది ఆ పరుగు, ఆ నెత్తురన్నం. సినిమాలో ఆ పని గ్రంథం చేతిలో ఉన్న పూజారిది అయిపోయింది. జాతర ఉంది, జాతర మోసినవాళ్లు లేరు. అడవి నుంచి అఘోరా వస్తాడు, పొలిమేర నుంచి మాత్రం ఎవరూ రారు.

ఒక మిత్రుడు భోజనాల దగ్గర అన్నాడు, “అన్నా, కమర్షియల్ సినిమాని పట్టుకుని ఇంత అడగడం అన్యాయం” అని. అన్యాయమేమీ కాదు. నేను సందేశం అడగలేదు. కులం మీద డాక్యుమెంటరీ తీయమనలేదు. భయం అడిగాను. టికెట్ కొన్నది దానికే. జోర్డాన్ పీల్ 2017లో ‘గెట్ అవుట్’ తీశాడు, పక్కా కమర్షియల్ సినిమా. చివర్లో పోలీసు బండి లైట్ల లాంటివి మెరవగానే హాల్లో ఊపిరి ఆగిపోతుంది. దయ్యం రాలేదు, సంగీతం గట్టిగా మోగలేదు. నల్ల యువకుడు రోడ్డు మీద, చుట్టూ శవాలు, బండి వస్తోంది, అంతే. ఆ భయం అమెరికా చరిత్ర ఇచ్చింది, దర్శకుడు వాడుకున్నాడు.

మనకు దగ్గరగా, రాహుల్ సదాశివన్ ‘భ్రమయుగం’ 2024లో తెలుగులోకీ వచ్చింది. పాడుకుని బతికే కులంలో పుట్టిన తేవన్, దారి తప్పి కొడుమన్ పోట్టి ఇంటికి చేరతాడు. తక్కువ కులంవాణ్ని అని వెనకాడితే ఆ పెద్దమనిషి ఎంతో ఆదరంగా లోపలికి పిలుస్తాడు. ఆ ఆదరణ దగ్గరే నాకు చెమటలు పట్టాయి. పాచికలాటలో తన జీవితకాలాన్నే పందెం పెట్టి ఓడిపోయాక, తేవన్ ఇక ఆ ఇల్లు దాటలేడు. వెట్టి అంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన దయ్యం కథ ఇంకోటి నాకు తెలియదు. రెండో సగంలో ఆ సినిమా కూడా కులాన్ని పక్కకు జరిపి ‘అధికారం ఎవరి చేతికొస్తే వాళ్లు చెడిపోతారు’ అనే గోడకుర్చీ తత్వంలోకి జారుకుంది. దాని మీద నాకు వేరే తగాదా ఉంది. అయినా దొరికినదాన్ని సగం దాకా మోసింది.

తెలుగులో చేతబడి సినిమాలు ఇప్పుడొక వరస అయ్యాయి. ‘మా ఊరి పొలిమేర’ వచ్చింది, దానికి రెండో భాగం వచ్చింది. ‘మసూద’లో పీడించే ఆత్మ ఒక ముస్లిం స్త్రీది, దాని గురించి కూడా ఎవరైనా ఒక పూట కూర్చుని మాట్లాడాలి. ఇన్ని సినిమాలొస్తున్నా, ఫలానా వాడు చేతబడి చేశాడని ఊరు వేలు చూపించినప్పుడు ఆ వేలి వైపు కెమెరా తిప్పినవాళ్లు నాకు కనిపించలేదు. అందరూ వేలు చూపించిన వైపే తిప్పారు.

ఒక చిన్న సంగతి చెప్పి ఆపేస్తాను, మీ ప్రశ్నలకు టైం ఉండాలి. 1979 రాత్రి తగలబెట్టారు. తెల్లారి ఏమైంది? సినిమాలో తెల్లారదు, పన్నెండేళ్లు ఎగిరిపోతాయి. ఊళ్లలో పెరిగినవాళ్లకు తెలుసు, అలాంటి చోట బూడిద ఎత్తడానికి, మిగిలిన ఎముకలు ఏరడానికి, ఊళ్లో పెద్దలెవరూ వంగరు. వాడకు కబురు పోతుంది. ఎవరో ఒక మనిషి తట్ట, పార పట్టుకుని వస్తాడు. రాత్రి కేకలు అతనికీ వినపడే ఉంటాయి. ఆ మంట ఎవరు పెట్టారో అతనికి తెలుసు, అతనికి తెలుసని వాళ్లకీ తెలుసు. అతను వంగి ఎత్తుతుంటే ఊరు దూరంగా నిలబడి చూస్తుంటుంది. నాకు ఆ సీన్ కావాలి. ఆ మనిషి తట్ట నెత్తిన పెట్టుకుని ఎటువైపు నడిచాడో, ఆ సాయంత్రం ఇంటికెళ్లి పిల్లలకు ఏం చెప్పాడో, నాకు ఆ కథ కావాలి.

అడగండి. ముందు అక్కడ చెయ్యెత్తిన చెల్లెమ్మ.